నీడకు నాలుగు జవాబులు

లెక్కల మాస్టారు కొత్త డిజిటల్ బోర్డు మీద మార్కర్ పెన్నుతో సగం లెక్క చేసేదాకా ఎవరూ నోరు మెదపలేదు. చివరికి ముందు బెంచీ అమ్మాయి ఒకతె ధైర్యం చేసి, "సార్, అది టీవీలాంటిది సార్, దాని మీద రాయకూడదు" అంది. "రాయకూడనిది బోర్డెలా అవుతుంది" అని ఆయన మిగతా సగం కూడా పూర్తిచేసి, జవాబు కింద రెండు గీతలు కొట్టి మరీ ముగించారు. కబురందుకుని కంప్యూటర్ సార్ పరుగెత్తుకొచ్చేసరికి ఆ తెర మీద ఒక త్రిభుజమూ దాని కోణాలూ నల్లగా నిగనిగలాడుతున్నాయి.

అతను సైన్స్ ల్యాబ్ నుంచి స్పిరిట్ సీసా తెప్పించి దూదితో తుడవడం మొదలుపెట్టాడు. గట్టిగా రుద్దితే తెర పాడవుతుంది, మెల్లగా రుద్దితే మరక కదలదు. పక్కన నిలబడి కాసేపు చూసిన మాస్టారు, "ముందే చెప్పొద్దటయ్యా" అన్నారు.

"మొన్న ట్రైనింగ్‌లో చెప్పాను మాస్టారూ. మీరు సంతకం పెట్టేసి టీకి వెళ్లిపోయారు."

"అదీ నిజమే" అని ఒప్పుకుని ఆయన సుద్దముక్క కోసం జేబులు తడుముకున్నారు.

ఆ వారం టీచర్లందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఈ బడి ఒక్కటే కాదు, అదే యాజమాన్యం కింద ఊళ్లో ఇంకొన్ని బడులున్నాయి. అన్నిటికీ ఒకటే ఆర్డరు. శనివారంలోగా ప్రతి టీచరూ ఒక ఆన్‌లైన్ తరగతి తెరిచి, పిల్లల్ని అందులో చేర్చి, ఒక ఆన్‌లైన్ పరీక్ష పెట్టాలి. మార్కులు కంప్యూటరే వేసుకోవాలి. ప్రిన్సిపాల్ గదిలో గోడకు తగిలించిన తెర మీద ఒక్కో టీచరుకూ ఒక్కో గీత ఉంటుంది. పని పూర్తయితే ఆకుపచ్చ, కాకపోతే ఎరుపు. శనివారం యాజమాన్యం తరఫున కార్యదర్శిగారు వచ్చి ఆ గీతలు చూస్తారు, ఎర్రగా ఉన్నవాళ్ల సంగతి అప్పుడు ఆలోచిస్తారు. ఏం ఆలోచిస్తారో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుని బెంగపెట్టుకున్నారు.

ఇదంతా అందరికీ నేర్పే పని కంప్యూటర్ సార్ నెత్తిన పడింది. పడిందనడం కంటే అతనే ఎత్తుకున్నాడనాలి. ఇన్నాళ్లూ ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే తప్ప అతనొకడున్నాడని ఎవరికీ గుర్తొచ్చేది కాదు. ఇప్పుడు కారిడార్‌లోకి అడుగుపెడితే చాలు, "బాబూ, నా పాస్‌వర్డ్ తప్పంటోంది, నాదే నాకు తప్పేమిటి", "సార్, మా తరగతి మొత్తం మాయమైంది" అని నాలుగువైపుల నుంచీ పిలుపులు. పైకి విసుక్కున్నట్టు ఉండేవాడు గానీ లోపల అతనికి బాగానే ఉంది. పదిమందికి తన అవసరం పడిందన్న సంగతి ఎంతటివాడికైనా కొంచెం తలకెక్కుతుంది. అతనేమీ ఎంతటివాడో కాదు, ముప్పై ఏళ్ల మామూలు మనిషి.

ఆ సాయంత్రం బడి వదిలాక డ్రాయింగ్ మేడమ్ కంప్యూటర్ గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. లోపల హిందీ మేడమ్ పని పూర్తయ్యేదాకా అలాగే నిలబడే ఉంది. అతని పెద్దక్క వయసుంటుంది. చీర కొంగు మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక ఉంటుంది, గోళ్ల సందుల్లో కూడా. పిల్లలు ఆమెను రంగుల టీచరంటారు. ఆమె ఉన్నప్పుడే అంటారు.

"మీకు తీరికేనా సార్?"

"రండి మేడమ్, కూర్చోండి. మీకేం మాయమైంది?"

"నాకేమీ మాయం కాలేదు. తరగతి తెరిచాను, పిల్లల్ని చేర్చాను. వాళ్ల బొమ్మలన్నీ ఫోటోలు తీసి ఎక్కించాను. చూపు పోయినంత పనైంది. ఆ గీత మాత్రం ఎర్రగానే ఉంది."

అతను ఆమె తరగతి తెరిచి చూశాడు. నిజంగానే బొమ్మలన్నీ ఉన్నాయి, ఒక్కోదాని కింద ఆమె రాసిన ఒక్కో మాట ఉంది. "చెయ్యి తొందరపడింది." "ఈ చెట్టు నువ్వు చూసిందే, నాకు తెలుసు." సబ్జెక్టుల వరసలో డ్రాయింగ్ అన్నదే లేదు. అన్నిటికంటే కింద 'ఇతరములు' అని ఉంటే ఆమె అందులో చేరింది. ఆటలూ కుట్లూ కూడా అందులోనే ఉన్నాయి.

"దీనికి బొమ్మలు కనపడవు మేడమ్" అన్నాడు. "ఒక ప్రశ్న ఉండాలి, నాలుగు జవాబులుండాలి, వాటిలో ఒకటి ఒప్పయి ఉండాలి. అప్పుడే పరీక్ష జరిగినట్టు లెక్క."

"బొమ్మలో ఒప్పేమిటి సార్?"

"అదే వెతకాలి."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది. "ఆటల మాస్టారి గీత కూడా ఎర్రదే. కానీ ఆయన పోటీలకెళ్లి కప్పులు తెస్తాడు, ఆయన్నెవరూ ఏమీ అనరు. నాకు కప్పుల్లేవు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆయన పనిచేసే ప్రెస్సు మూసేశారు సార్. ఇప్పుడు ఇంట్లోంచి పొద్దున్నే పనికి బయల్దేరేది నేనొక్కదాన్నే. ఈ వయసులో నన్ను కొత్తగా ఎవరు తీసుకుంటారు?" అంది.

ఆ మాటకు అతని మనసు కరిగిపోయింది. "మీ గీత పచ్చగా చేసే పూచీ నాది, మీరు నిశ్చింతగా ఇంటికెళ్లండి" అన్నాడు. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ సంగతి తర్వాత ఎవరు కాదన్నా ఆమె కాదనలేదు.

*

ప్రశ్నలు తయారుచేయాలంటే ముందు ఆమె ఏం చెబుతుందో చూడాలి కదా అని మర్నాడు అతను డ్రాయింగ్ గదికి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. కిటికీ పక్కన స్టూలు మీద ఒక మట్టి కూజా పెట్టి ఉంది. ఆమె ఒక కిటికీ రెక్క మూసి, రెండోది సగం తెరిచింది. అంతే, పాఠం మొదలైపోయింది. పిల్లలు గీస్తున్నారు, ఆమె బెంచీల మధ్య తిరుగుతోంది. ఎవరి పెన్సిలూ తీసుకోదు, ఎవరి కాగితం మీదా గీయదు. ఒకడి దగ్గర వంగి, "కూజాని చూసి గీస్తున్నావా, కూజా అంటే ఇలాగే ఉంటుందిలే అని గీస్తున్నావా?" అని అడిగింది. వాడు తలెత్తి మొదటిసారి కూజా వైపు చూశాడు.

కంప్యూటర్ సార్‌కి కూడా ఒక కాగితం అందింది. అతను గీసింది కూజాకూ గంటకూ మధ్య ఏదో అయింది. ఆమె వచ్చి చూసి నవ్వలేదు. "నీడ ఏ రంగులో ఉంది సార్?" అంది.

"నలుపు."

"మళ్లీ చూడండి."

అతను చూశాడు. నలుపు కాదు. పలచటి నీలం, కూజాకు దగ్గరగా వచ్చేకొద్దీ కొంచెం ఎరుపు. స్టూలు మీద పడ్డ నీడలో కూజా ఎరుపు కలవడం అతను కళ్లారా చూశాడు. పుట్టిన దగ్గర్నుంచీ వెంట తిరుగుతున్న నీడను ఇంతవరకూ ఒక్కసారీ సరిగా చూడలేదని తెలిసి అతనికి ఒళ్లు పులకరించింది. ఆ పులకరింపు పూర్తిగా తగ్గకముందే జేబులోంచి ఫోను తీసి, 'నీడ రంగు, నాలుగు ఆప్షన్లు' అని రాసుకున్నాడు.

ఆ సాయంత్రమూ మరుసటి సాయంత్రమూ ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. మొదటిరోజే ఆమె 'సార్' వదిలేసి 'తమ్ముడూ' అనడం మొదలుపెట్టింది. "మీరు ప్రశ్నలు చెప్పండి, నేను చకచకా చేసిపెట్టేస్తాను" అని అతనంటే, "వద్దు తమ్ముడూ, నేర్పు. చేసిపెడితే మళ్లీ నీ ప్రాణం తియ్యాలి" అంది. నిజంగానే నేర్చుకుంది. ఫోటో అంచులు కత్తిరించడం, జవాబుల వరస మార్చడం, పరీక్షకు గడువు పెట్టడం, ఏది చూపినా రెండోసారి అడగలేదు. మౌసు పట్టుకున్న చెయ్యి ఎక్కడ ఆగాలో అక్కడే ఆగేది. లెక్కల మాస్టారి చేతిలో ఆ బాణం గుర్తు తెరంతా పరుగులు తీసేది, ఈమె చేతిలో బుద్ధిగా నడిచింది.

'వెలుగు ఎడమ కిటికీలోంచి వస్తే కూజా నీడ ఎటు పడుతుంది?' నాలుగు ఫోటోలు పెట్టారు. ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వాటిని చూస్తూ, "దీనికి జవాబు తెలిసినవాడికి నీడ వెయ్యడం వచ్చినట్టేనా?" అని అడిగింది.

"వెయ్యక్కర్లేదు మేడమ్. క్లిక్ చేస్తే చాలు."

ఆమె ఫక్కున నవ్వింది. అతనూ నవ్వాడు. అప్పటికి అది నవ్వుకోదగ్గ మాటే.

వీడియోల ఆలోచన మాత్రం పూర్తిగా అతనిదే. ఎవరూ అడగలేదు. పిల్లవాడు తప్పు జవాబు నొక్కితే ఊరికే తప్పు అని చూపించడం ఏం బాగుంటుంది, వెంటనే మేడమ్ చెయ్యి గీసి చూపించే చిన్న వీడియో వస్తే ఎంత బాగుంటుందనుకున్నాడు. తలుచుకున్నదే తడవుగా పుస్తకాలు దొంతరగా పెట్టి, వాటి మీద ఫోను ఆనించి, ఆమె చేతిని కింద కూర్చోబెట్టాడు. ఆమె గీస్తూ మాట్లాడింది. పెన్సిలు ఏటవాలుగా ఎలా పట్టుకోవాలో, నీడ అంచు ఎందుకు మెత్తగా ఉండాలో, తెల్లకాగితాన్ని తెల్లగా వదిలేయడం ఎంత కష్టమో చెప్పింది. ముఖం పడకుండా చెయ్యీ గొంతూ మాత్రమే పడేలా అతను జాగ్రత్తపడ్డాడు. ఒకటి బాగా వచ్చిందని ఇంకొకటి, అది బాగుందని మరొకటి, గురువారం సాయంత్రానికి ఏడాది పాఠాల్లో ముఖ్యమైనవన్నీ తీసేశారు.

"ఇంత కష్టపడుతున్నావు, మీ ఆవిడ ఏమీ అనదా?" అంది ఆమె.

"మీ గీత పచ్చగా అయ్యేదాకా ఇంటికి రావద్దంది మేడమ్" అన్నాడు అతను. అతని భార్య అలాంటిదేమీ అనలేదు. ఆ పని అంటే అతనికే అంత ఇష్టం పుట్టింది.

*

శుక్రవారం పిల్లలు పరీక్ష రాశారు. రాశారంటే నొక్కారు. కాగితం, రబ్బరు, పెన్సిలు చెక్కిన పొట్టు, ఏవీ లేవు. గది శుభ్రంగా ఉంది. ఏడాదంతా డ్రాయింగ్ పుస్తకం తెరవని పిల్లవాడొకడు జవాబులు చకచకా నొక్కేసి పూర్తి మార్కులు తెచ్చుకుని చొక్కా కాలరెగరేశాడు. కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి ప్రతి ఫోటోనూ దగ్గరికి జరుపుకుని చూస్తూ ఉండిపోయింది, గడువైపోయింది, పదికి ఆరు వచ్చాయి.

"ఈ పిల్ల కూజా గీస్తే లోపల నీళ్లున్నాయో లేవో కూడా తెలుస్తుంది" అంది డ్రాయింగ్ మేడమ్, తెర మీద ఆ ఆరును చూస్తూ.

"టైము చాలలేదు మేడమ్. వచ్చేసారి పెంచుదాం."

ఆమె సరేనంది. కాసేపటికి ప్రిన్సిపాల్ గదిలోకి ఏదో వంకతో వెళ్లి గోడ మీది తెర చూసి వచ్చింది. స్టాఫ్ రూములోంచి రెండు కప్పుల టీ తెచ్చి ఒకటి అతని ముందు పెట్టి, "పచ్చగా ఉంది తమ్ముడూ, మామిడాకులా ఉంది" అంది. ఆ పూట ఆమె ముఖంలో కనిపించిన తేలికదనం చూస్తే అతనికి కడుపు నిండిపోయింది.

శనివారం కార్యదర్శిగారు వచ్చారు. టీచర్లందరినీ హాల్లో కూర్చోబెట్టి గీతల తెర చూపించారు. ఎర్రగా మిగిలింది లెక్కల మాస్టారిదీ ఆటల మాస్టారిదీ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అందరూ చూస్తుంటే, కార్యదర్శిగారు లెక్కల మాస్టారి వైపు తిరిగి, "మీరిలా ఎర్రజెండా ఎత్తితే ఎలా మాస్టారూ. సరేలెండి, పదో తరగతి రిజల్టు ఇచ్చేది మీరు. నిదానంగా నేర్చుకోండి" అని నవ్వేశారు. ఆటల మాస్టారి గీత సంగతి ఎత్తనే లేదు. ఇన్నిరోజుల బెంగా అంతటితో సరిపోయింది.

తర్వాత ప్రిన్సిపాల్ కంప్యూటర్ సార్‌ని ముందుకు పిలిచి, డ్రాయింగ్ పరీక్ష చూపించమన్నారు. అతను చూపించాడు. కావాలనే తప్పు జవాబు నొక్కాడు. హాలంతటి తెర మీద ఆమె చెయ్యి కదిలింది, ఆమె గొంతు మెల్లగా నీడ గురించి చెప్పింది. కార్యదర్శిగారు కుర్చీలో ముందుకు వంగారు.

"ఇది టీచరు పక్కన లేకపోయినా పిల్లలు చేసుకోగలరా?"

"భేషుగ్గా చేసుకోగలరు సార్. లింకు పంపితే చాలు. తప్పు చేస్తే వీడియో వచ్చేస్తుంది, మార్కులు అదే వేసుకుంటుంది."

"మన మిగతా బడుల్లో కూడా?"

"ఎక్కడైనా సార్."

ఇంకా అడిగితే ఇంకా చెప్పేవాడే. ఆయన అడగలేదు. "శభాష్" అని చప్పట్లు కొట్టారు, హాలంతా కొట్టింది. వెనక వరసలో డ్రాయింగ్ మేడమ్ కూడా కొట్టింది. అందరికంటే ముందు ఆపేసింది కూడా ఆమే. అది అతను చూశాడు గానీ ఎందుకో ఆలోచించలేదు.

ఇంటికి వెళ్లగానే భార్యకు పూసగుచ్చినట్టు చెప్పాడు. కార్యదర్శిగారు ఎలా ముందుకు వంగిందీ, ఏం అడిగిందీ, తను ఏమన్నదీ చెప్పాడు. ఆమె ఆరిన బట్టలు మడతపెడుతూ వింది. దిండు గలీబు దులుపుతూ, "మరి ఇక ఆవిడతో పనేముంది వాళ్లకి?" అని అడిగింది.

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆ మాటే మళ్లీ మనసులో అనుకుని చూసుకున్నాడు. ఇవాళ హాల్లో అంతమంది టీచర్లున్నారు, వాళ్లందరికీ అర్థమయ్యే ఉంటుంది. బట్టలు మడతపెట్టుకుంటున్న మనిషి విన్న మరుక్షణం అడిగేసింది. తనకొక్కడికే, అందరికీ నేర్పేవాడికే, తట్టలేదు.

*

సోమవారం గంట కొట్టకముందే అతను ప్రిన్సిపాల్ గదిలో ఉన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. కిందటి సాయంత్రమే ఫోన్లు నడిచాయి. వచ్చే నెల నుంచి అన్ని బడుల్లోనూ డ్రాయింగ్ ఆ పరీక్షలతోనే, ఆ వీడియోలతోనే. ఆ పీరియడ్‌లో ఖాళీగా ఉన్న టీచరెవరైనా కూర్చుంటే సరిపోతుంది. మిగతా బడుల్లో డ్రాయింగ్‌కి మనుషులెప్పుడో పోయారు, ఇక్కడ కూడా అక్కర్లేదు.

"ఆవిణ్ణి చాలా మెచ్చుకున్నారు" అన్నారు ప్రిన్సిపాల్.

"సార్, అది డ్రాయింగ్ కాదు. పిల్లలు ఒక్క గీతా గీయరు. గీత పచ్చగా కనపడాలని నేను..."

"మరి శనివారం చెప్పలేదేం?"

"తప్పు చెప్పాను సార్. టీచరు లేకుండా కుదరదు. పిల్లవాడు కూజాని చూస్తున్నాడో లేదో దానికి తెలీదు. ఆవిడకే తెలుస్తుంది."

ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చెడ్డమనిషి కాదు, అలిసిపోయిన మనిషి. "నేనూ అడిగానయ్యా. మార్కులొస్తున్నాయి కదా అన్నారు. మీ సారే అంతమందిలో చెప్పాడు కదా అన్నారు. ఇప్పుడు నువ్వు వెళ్లి కాదంటే, ఆవిడ మీద జాలితో అంటున్నాడనుకుంటారు" అన్నారు. తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, "అన్ని బడుల డిజిటల్ పనీ నీకే అప్పగిద్దామనుకుంటున్నారు. మంచి అవకాశం. పాడుచేసుకోకు" అన్నారు.

అతను కంప్యూటర్ గదికి వచ్చి ఆ పరీక్ష తెరిచాడు. మొత్తం చెరిపేస్తే? అలా అనుకోగానే చేతికి బలమొచ్చింది. కానీ ఆదివారమే పై ఆఫీసువాళ్లు దాన్ని తమ దగ్గరికి కాపీ చేసుకున్నట్టు అక్కడే రాసి ఉంది. వీడియోలతో సహా. ఎవరైనా తేలిగ్గా కాపీ చేసుకునేలా అమర్చింది కూడా అతనే. ఇక చెరిపినా ఇక్కడ పోతుంది, అక్కడ ఉంటుంది. కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

రెండు రోజులు అతను ఆమె కంట పడకుండా తిరిగాడు. టీ వేళకు స్టాఫ్ రూముకు వెళ్లలేదు. డ్రాయింగ్ గది ముందునుంచి పోవాల్సివస్తే పై అంతస్తు ఎక్కి అటువైపు దిగేవాడు. లెక్కల మాస్టారు ఒకసారి మెట్ల మీద పట్టుకుని, "నా గీత ఇంకా ఎర్రగానే ఉంది. పచ్చగా చెయ్యమాకయ్యా, నీకు పుణ్యముంటుంది" అన్నారు. ఎగతాళిగా అనలేదు. అందుకే అది మరీ గట్టిగా తగిలింది.

గురువారం సాయంత్రం ఆమే వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా లోపలికొచ్చి కుర్చీ లాక్కుంది.

"నా తరగతి నీ పేరుకి మార్చి వెళ్లమన్నారు తమ్ముడూ. ఆఫీసులో చెప్పారు. అది చేస్తేనే నా ఆఖరి జీతం కాగితం మీద సంతకం పెడతారట."

అతను లేచి నిలబడ్డాడు. "మేడమ్, నేను ప్రిన్సిపాల్‌తో మాట్లాడాను. పై ఆఫీసుకి కూడా వెళ్తాను. నేను..."

"విన్నాను. నువ్వు వెళ్లావని చెప్పారు."

"ఆ రోజు నేనా మాట అనకుండా ఉండాల్సింది."

ఆమె అతని వైపు చూసింది. పిల్లల బొమ్మల్ని ఎలా చూస్తుందో అలాగే, ఉన్నదున్నట్టు చూసింది. "అవును, అనకుండా ఉండాల్సింది" అంది. ఆ గొంతులో కోపం లేదు, ఓదార్పూ లేదు. "నేనూ ఆ వీడియోలకి ఒప్పుకోకుండా ఉండాల్సింది. బావుందని మురిసిపోయాను. నా చెయ్యి అంత బాగుంటుందని నాకే తెలీదు."

అతను తల దించుకున్నాడు. మీరు ఇప్పుడేం చేస్తారని అడగాలని ఉంది. అడిగితే ఆమె చెబుతుంది, చెబితే వినాలి. అడగలేకపోయాడు.

ఆమె కంప్యూటర్ ముందుకు జరిగి పాస్‌వర్డ్ కొట్టింది. తరగతి తెరుచుకుంది. పిల్లల బొమ్మలన్నీ వరసగా వచ్చాయి, వాటి కింద ఆమె మాటలూ వచ్చాయి. ఒక్క క్షణం ఆగి, పైకి కిందికి జరిపి, కిటికీ దగ్గరి అమ్మాయి గీసిన కూజా దగ్గర కాసేపు ఉండి, ముందుకు వెళ్లింది. మనుషుల పేర్లున్న చోటికి పోయి అతని పేరు పక్కన నొక్కింది. ఈ తరగతిని ఇతరులకు అప్పగిస్తే మీరు తిరిగి తీసుకోలేరు అని తెర మీద హెచ్చరిక వచ్చింది. కొనసాగించాలా, వద్దా?

అతని చెయ్యి దానంతటదే మౌసు వైపు కదిలింది. ఆపడానికో, ఆమె బదులు తనే నొక్కేయడానికో అతనికే తెలియదు.

"ఉండు తమ్ముడూ" అందామె. "నాకొచ్చుగా."

నొక్కింది. ఇంకోసారి అడిగితే ఇంకోసారి నొక్కింది. ఆమె పేరు పోయి అక్కడ అతని పేరు వచ్చింది. బయటికి వచ్చేసి, ఇంకెవరూ తెరవకుండా తన అకౌంట్ కూడా మూసేసి, మౌసును దాని చోట పెట్టి లేచింది. ఎక్కడా తడబడలేదు, ఒక్క మెట్టూ తప్పలేదు. అతను నేర్పినవాళ్లందరిలోకీ బాగా నేర్చుకున్నది ఆమే.